అల్లుడి కారుకు డోర్లు

ఇప్పటి పెళ్లికొడుకులకు ఎంత సుఖమో! ఎక్కడ పనిచేస్తున్నాడో, ఏం తిన్నాడో, ఏ చొక్కా తొడుక్కున్నాడో కాబోయే అత్తగారికి గంటగంటకూ ఫొటోలు వెళ్లిపోతుంటాయి. మా కాలంలో (అంటే మరీ రాతియుగమేం కాదు, వీడియో కాల్ ఉన్న కాలమే, కాకపోతే ఒమాన్ నుంచి ఒకరోజు కలిస్తే మరోరోజు కలిసేది కాదు) గల్ఫ్ పిల్లగాడు అక్కడ ఏం పని చేస్తాడన్నది పిల్ల తరఫు వాళ్లకు దేవరహస్యం. కంపెనీ అంటే ఒంటెలు కాస్తున్నాడేమోనని అనుమానం. ఆఫీసు అంటే అందులో ఊడుస్తున్నాడేమోనని అనుమానం. నేను ఒమాన్‌లోని సహం అనే ఊళ్లో ఒక గ్యారేజీలో డెంటింగ్ పని చేసేవాణ్ణి. గుద్దుకున్న కార్ల సొట్టలు తీయడం, ఊడొచ్చిన డోర్లను తిరిగి బిగించడం నా డ్యూటీ. సంబంధం కుదిర్చిన మా చిన్నమ్మ దీన్ని తనకు అర్థమైనంతలో "మా పోరడు ఒమన్ల కార్లకు డోర్లు చేస్తడు" అని చెప్పింది. పిల్లతో సహా అందరూ సంతోషించారు, ఒక్క మేనమామ తప్ప. పిల్లకు తండ్రి లేడు. పెంచి, చదివించింది ఆ మేనమామే. నిజామాబాద్ దగ్గర ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది ఆయనకు. నిశ్చితార్థమైతే చేశాడు కానీ లగ్నం పెట్టించలేదు. "తొందరేముంది, పిల్లగాని సంగతి జెర చూద్దాం" అని ఊరుకున్నాడు.

నా సంగతి చూపించాలని నాకూ ఉబలాటమే. మా రూములోని మిగతావాళ్లు కాబోయే భార్యలకు అత్తరు సీసాలు, తెల్లబడే క్రీములు పంపేవారు. నేనేదో కొత్తగా పంపాలనుకున్నాను. ఒకసారి అర్బాబ్‌తో (అంటే మా గ్యారేజీ యజమానితో) స్పేర్ పార్టుల కోసం మస్కట్ దగ్గరి అల్ ఖౌద్ వెళ్లినప్పుడు ఒక బొమ్మల షాపు అద్దంలో ఎర్ర కారున్న పెట్టె కనిపించింది. పెట్టె మీద అది ఎంత మెరుస్తోందంటే లోపల కూడా అలాగే ఉంటుందనుకుని కొనేశాను. రూముకొచ్చి మూత తీస్తే, కొమ్మకు వేలాడే చింతకాయల్లా, ప్లాస్టిక్ చట్రాలకు చిన్నచిన్న ముక్కలు వేలాడుతున్నాయి. కారు లేదు. కారును మనమే అతికించుకోవాలట. మా రూములో అందరికంటే పెద్దవాడు, గొడవలన్నీ తీర్చేవాడు కాబట్టి సర్పంచ్ అని పిలుచుకునే అన్న ఒకాయన ఉండేవాడు. పెట్టెలోకి తొంగిచూసి తీర్పు చెప్పేశాడు.

"షాపోడు నిన్ను మోసం జేసిండు తమ్మీ. ఇరిగిన కారు అంటగట్టిండు. వాపస్ ఇచ్చిరా."

ఇవ్వలేదు. శుక్రవారం సెలవంతా మంచం మీద బోర్లా పడుకుని, బంక వేళ్లకీ గడ్డానికీ అంటించుకుని, ఎట్టకేలకు కారు నిలబెట్టాను. చూడముచ్చటగా వచ్చింది. అదృష్టం బాగుండి ఆ సాయంత్రం వీడియో కాల్ కూడా కలిసింది. అరచేతిలో కారు పెట్టి అటూ ఇటూ తిప్పి చూపించాను. ఆమె మొహం వెలిగిపోయింది.

"అబ్బ, ఎంత మంచిగున్నది! మీరే చేసిండ్రా? ఏదీ, డోర్ తియ్యుండ్రి."

"డోర్ తెరుచుకోదు."

"మరి డిక్కీ?"

"అది గూడ తెరుచుకోదు. బయట గీతలే ఉంటయి, మొత్తం ఒక్కటే ముక్క."

ఇంతలో ఆమె వెనకాల నుంచి మేనమామ గొంతు వినిపించింది. మనిషి కనిపించడం లేదు, గొంతు మాత్రం రేకుల షెడ్డులో సుత్తి దెబ్బలా ఖణేల్మంది. "డోర్ల పనోడంటిరి గదా? డోరే తెరుచుకోని కారు జేసిండా?"

ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాటను ఇప్పటికీ నేను పూర్తిగా నమ్మలేను. "ఇంకా పని అయిపోలేదు మామా. డోర్లు, డిక్కీ అన్నీ తెరుచుకుంటయి. మా రూముల ఉండే భాయ్ వెకేషన్‌కు వస్తున్నడు, ఆయనతోని పంపిస్త" అనేశాను. కాల్ కట్ అయ్యాక చూస్తే సర్పంచ్ నావంకే జాలిగా చూస్తున్నాడు. పక్క మంచం మీది భాయ్ (హైదరాబాద్ పాతబస్తీ మనిషి, మా గ్యారేజీలో పెయింటర్) నోట్లో టీ పోసుకుని మింగడం మర్చిపోయాడు.

"మియా, మై తో అగ్లే మహినే జారౌఁ. వచ్చే నెలకల్లా అయితదా?"

"అయితది భాయ్. రోజూ చేసే పనే గదా."

రోజూ చేసే పనే. నా ధైర్యమంతా అదే. నిజం కారు డోర్ నా ఛాతీ దాకా వస్తుంది, దీని డోర్ నా బొటనవేలి గోరంత. అంత పెద్దది చేసేవాడికి ఇంత చిన్నది ఓ లెక్కా అనుకున్నాను. (ఏనుగును తోలేవాడికి చీమను తోలడం సులభమనుకోవడం లాంటిదే ఇది.) కత్తి మొన కాల్చి డోర్ గీత మీద పెడితే ప్లాస్టిక్ వెన్నలా కరిగి కత్తికే అంటుకుంది. తర్వాత బుద్ధొచ్చి కాల్చకుండా మొన వెనకవైపుతో అదే గీత మీద గీకుతూ కూర్చున్నాను. గీకగా గీకగా డోర్ టిక్కుమని ఊడి చేతిలోకొచ్చింది. సర్పంచ్ కూడా చప్పట్లు కొట్టాడు. ఆ సంబరంలో లోపలికి తొంగి చూస్తే సీటు కనిపించలేదు. గోడ ఉంది! సీట్లన్నీ ఒక ప్లాస్టిక్ తొట్టిలో ఉన్నాయి, ఆ తొట్టికి పక్క గోడ ఉంది. డోర్ తీసిన మనిషి మొహం నేరుగా వెళ్లి గోడకు కొట్టుకుంటుంది.

"దొంగలు రాకుంట కట్టిండ్రేమో" అన్నాడు సర్పంచ్.

మళ్లీ కారంతా విప్పి ఆ గోడలు కోశాను. ఇక కబ్జాలు. (మా వాడుకలో కబ్జా అంటే పక్కవాడి పొలం కాదు, తలుపుకు వేసే మడతబందు.) అయిపోయిన పెన్ను రీఫిల్‌ను కడిగి చిన్న గొట్టాలుగా కోసి, అందులో పిన్నీసు తీగ దూర్చి వంచితే కబ్జా అయింది. బిగించాను, డోర్ తెరిచాను. సగం తెరుచుకుని ముందు మడ్‌గార్డుకు తగిలి ఆగిపోయింది. తీగను లోపలికి వంచాను. ఈసారి తెరుచుకుంది కానీ మూసుకోలేదు. ఇంకొంచెం వంచాను. ఈసారి రెండూ చేసింది కానీ డోర్ తలకిందులుగా అతికించానని అప్పుడు తెలిసింది. గ్యారేజీలో పొద్దంతా పెద్ద డోర్లు, రూములో సాయంత్రమంతా చిన్న డోర్లు. కళ్లు మూసుకుంటే కూడా ఏదో ఒక డోర్ సరిగా పడక తెరుచుకుంటూనే ఉండేది.

అలాంటి దశలో ఒక శుక్రవారం డ్రైవర్ వైపు డోర్ కనిపించకుండా పోయింది. నేను స్నానానికి వెళ్లొచ్చేలోగా సర్పంచ్ రూము ఊడ్చాడు. మంచాలు జరిపాం, చెత్తబుట్ట బోర్లించాం, భాయ్ తన బిర్యానీ గిన్నెలో కూడా గరిటెతో వెతికాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి "డోర్ పోయింది, కారు డోర్ పోయింది" అని తల బాదుకుంటున్నాను. మా రూము గ్యారేజీ వెనకాలే కదా, అటుగా వచ్చిన అర్బాబ్‌కు ఆ మాట చెవిన పడింది. మా భాష రాకపోయినా కారు, డోర్ అన్న రెండు ముక్కలూ ఆయనకూ తెలుసు, నా ఏడుపు మొహమూ కనిపిస్తోంది. తెల్లటి దిష్దాషా (మడమల దాకా ఉండే అరబ్బు చొక్కా) అంచు ఎత్తిపట్టుకుని సుడిగాలిలా లోపలికి వచ్చాడు.

"కౌన్ గాడీ? కిదర్ డోర్? కౌన్ లేకే గయా?"

ఎవరో కస్టమర్ కారు డోర్ దొంగలు పట్టుకుపోయారనుకున్నాడు పాపం. సరిగ్గా అప్పుడే సర్పంచ్ చెప్పు అడుగున అంటుకున్న ఎర్ర ముక్క భాయ్ కంటపడింది. దాన్ని తీసి, తుడిచి, అరచేతిలో పెట్టి అర్బాబ్‌కు చూపించాను. "అర్బాబ్, యే డోర్." ఆయన డోర్ చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ డోర్ చూశాడు. కోపంతో వచ్చిన మనిషి దాన్ని ఎక్కడ దించాలో తెలియక కాసేపు తంటాలు పడ్డాడు. ఆ తర్వాత నా మంచం మీదే కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. సంగతంతా భాయ్ చేత చెప్పించుకుని విన్నాడు. వెళ్తూవెళ్తూ నా వంక వేలు చూపించి, "షాదీ కే వాస్తే? ఖలాస్, అచ్ఛా బనావ్. డిక్కీ భీ!" అని, పెళ్లి కోసమైతే బాగా చెయ్యమని హుకుం జారీచేశాడు. అప్పటి నుంచి గ్యారేజీలో నిజం కార్ల సంగతి అడిగే ముందు "డోర్ కైసా?" అని దాని క్షేమం అడిగేవాడు.

మొత్తానికి డోర్లు కుదిరాయి, డిక్కీ కూడా కుదిరింది. కోసిన చోట్ల రంగు పోయింది కాబట్టి భాయ్ పెయింట్ వేస్తానన్నాడు. "ఫికర్ నక్కో. షోరూం లెక్క జేస్త" అని కార్లకు వేసే రంగునే, థిన్నర్ కలిపి, స్ప్రే గన్‌తో కొట్టాడు. ఒక్క నిమిషం నిజంగానే షోరూంలా మెరిసింది. ఆ తర్వాత టాప్ మీద, వేడి పాల మీద మీగడ కట్టినట్టు, ముడతలు లేచాయి. మేం చూస్తుండగానే కారు నడుం వంగింది. థిన్నర్‌కు ఇనుము ఆగుతుంది కానీ ప్లాస్టిక్ ఆగదు కదా. నేను అంతకాలం పడ్డ కష్టమంతా భాయ్ అరచేతిలో ఎండలో పెట్టిన ఐస్‌క్రీంలా కుంగిపోయింది. సర్పంచ్ "యాక్సిడెంట్ అయిన కార్లు మనకు కొత్త కాదు గదా తమ్మీ" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక బయటికి వెళ్లిపోయాను. నిజం చెప్పాలంటే గోడ పక్కన నిలబడి కాస్త ఏడ్చాను కూడా. లగ్నం పోయిందన్న ఏడుపు కంటే, మేనమామ గొంతు మళ్లీ వినాలన్న భయమే ఎక్కువ.

మర్నాడు పని అయ్యాక భాయ్ ఎవరితోనూ చెప్పకుండా, అల్ ఖౌద్ వైపు వెళ్లే పికప్ ఎక్కి, అర్ధరాత్రికి అలాంటి పెట్టే ఇంకొకటి పట్టుకొచ్చి నా మంచం మీద పెట్టాడు. "మాఫ్ కర్ మియా. ఇప్పుడు నీ చెయ్యి సీదా అయింది, జల్దీ అయితది" అన్నాడు. అదీ నిజమే. తప్పులన్నీ మొదటి కారు మీద చేసేశాను కాబట్టి రెండోది చకచకా సాగింది. ఈసారి భాయ్ ప్లాస్టిక్ బంపర్లకు రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత తెచ్చి, ముందు ప్లాస్టిక్ చెంచాల మీద ప్రయోగాలు చేసి, ఊపిరి బిగబట్టి, మంచు పడ్డట్టు పల్చగా రంగు కొట్టాడు. కారు కరగలేదు. మేం ముగ్గురం దాని చుట్టూ కూర్చుని వంతులవారీగా డోర్లు తెరిచి మూశాం. సర్పంచ్‌కైతే వంతు అయిపోయినా మనసొప్పేది కాదు.

భాయ్ దాన్ని తన చేతిసంచిలో, చొక్కాల మధ్య చంటిబిడ్డలా పడుకోబెట్టి తీసుకెళ్లాడు. హైదరాబాద్ దిగాక ఎవరికో అప్పగించి ఊరుకోలేదు. మొదటి కారు పాపం ఇంకా పీడిస్తోందేమో, బస్సెక్కి స్వయంగా పిల్ల వాళ్ల ఊరికే వెళ్లాడు. ఆ రోజు కాల్ కలిసేసరికి భాయ్ కుర్చీలో టీ గ్లాసు పట్టుకుని కొత్తల్లుడిలా కూర్చుని ఉన్నాడు. మేనమామ కళ్లజోడు పెట్టుకుని కారును అరచేతిలో తూకం వేసినట్టు పట్టుకున్నాడు. గోటితో డ్రైవర్ డోర్ లాగాడు. తెరుచుకుంది. "లోపల సీటు గూడ కనవడ్తుంది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. రెండో డోర్ తీశాడు. డిక్కీ తీశాడు, వంగి లోపలికి చూశాడు. అంతా సవ్యంగా ఉందని తేలాక, జీవితమంతా ట్రాక్టర్ టూల్ బాక్సులు మూసిన ఆ చేత్తో డిక్కీని ధన్‌మని మూశాడు. మూత గాల్లోకి లేచి, పల్టీ కొట్టి, భాయ్ టీ గ్లాసులో పడింది.

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. భాయ్ రెండు వేళ్లతో మూతను పైకి తీసి టీ విదిలించాడు. "క్యా మియా, ఈ గాడి నన్ను ఈడ గూడ ఇడుస్తలేదు" అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. అప్పుడు మేనమామ గొంతు వినిపించింది. మొదటిసారి దానిలో సుత్తి లేదు.

"పిల్లగాడు మంచిగనే జేసిండు. నా చెయ్యే మొరటుది." గొంతు సవరించుకున్నాడు. "అల్లుడూ, ఏమనుకోకు. నేనే అతికిస్త." లోపలున్న భార్యను కేకేశాడు. "ఏమే, పంతులుకు ఫోన్ గొట్టు, లగ్గం పెట్టుకుందాం."

ఆయన మాట ప్రకారమే అతికించాడు. ట్రాక్టర్ రేడియేటర్‌కు వాడే బంకతో అతికించాడు కాబట్టి ఆ డిక్కీ మళ్లీ ఈ జన్మలో తెరుచుకోలేదు.

పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమెను ఒమాన్ తెచ్చుకోగలిగాను. అప్పటికి అల్ ఖౌద్‌లోనే ఒక గ్యారేజీలో ఫోర్‌మన్‌నయ్యాను. ఒకరోజు సహంలోని పాత స్నేహితుల్ని చూపిద్దామని తీసుకెళ్లి, మా పాత రూము దగ్గరి సూపర్ మార్కెట్‌లో పండ్లు తీసుకుంటుంటే ఆమె నన్ను పిలిచింది. ఒక వైరు బుట్ట నిండా ఇనుప కార్లు గుట్టగా పోసి ఉన్నాయి. ఆమె ఒకటి తీసి డోర్ లాగింది. తెరుచుకుంది. డిక్కీ లాగింది. తెరుచుకుంది. బానెట్ కూడా.

"ఇవి అప్పట్ల గూడ ఈడ దొరికేటివా?"

దొరికేవి. ఆ బుట్ట పక్కనే నిలబడి వారం వారం ఉల్లిగడ్డలు ఏరుకున్నది నేనే. "దొరికేటివి" అన్నాను.

"మరి గిదొక్కటి కొనుక్కొని పంపితే అయిపోయేటిది గదా!"

"నాకు తోచలేదు."

ఆమె ఆ నడవాలో నిలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి కారును మళ్లీ బుట్టలో పెట్టేసి, "తోచకపోవుడే మంచిదైంది" అని పండ్ల సంచి అందుకుంది.

ఇప్పుడు నాకు అన్నీ తోస్తున్నాయి. ఎవరైనా కష్టమైన పని తెస్తే ముందు అది రెడీమేడ్‌గా ఎక్కడ దొరుకుతుందో చూస్తాను. తెలివైన ఫోర్‌మన్ అని అర్బాబ్‌లు మెచ్చుకుంటారు కూడా. కానీ ఎప్పుడైనా శుక్రవారం మధ్యాహ్నం ఖాళీగా కూర్చుంటే, గడ్డానికి బంక, పెదాల మధ్య పిన్నీసు పెట్టుకుని గోరంత డోర్ కోసం కుస్తీ పట్టిన ఆ కుర్రాడు కళ్లముందుకొస్తాడు. ఎంత తెలివితక్కువవాడో అనుకుని నవ్వుకుంటాను. అంత చక్కటి తెలివితక్కువ పని ఈమధ్య ఒక్కటైనా చేశానా అని వెతుక్కుంటే మాత్రం, ఏమీ కనిపించదు.