చెవి మిషను బాగుచేయించడానికి లాడ్ బజారు దాకా

కాశీ, రామేశ్వరం తిరిగి వచ్చినవాళ్లు పత్రికలకు రాస్తుంటారు. నేను గౌలిపుర నుంచి బేగంబజారు, అక్కడి నుంచి లాడ్ బజారు వెళ్లి వచ్చి రాస్తున్నాను. మొత్తం కలిపి ఒక పూట ప్రయాణం. చెవికి మిషను తగిలించుకుని, అది పనిచేయకపోయినా అన్నీ వినపడుతున్నట్టు నటిస్తూ బతికేవాళ్లు ఈ ఊళ్లో నేను కాక ఇంకొందరు ఉంటారు. ఇది వాళ్ల కోసం.

బయలుదేరడానికి కారణం మా వీధి సత్తెమ్మ. వాళ్లది పాలు పోసే ఇల్లు. ఆమెకు ఒక యాభై ఏళ్లుంటాయి. నెల కిందట బోరింగు దగ్గర బిందె పక్కన పెట్టి, నా దగ్గరగా జరిగి, గొంతు బాగా తగ్గించి చాలాసేపు ఏదో చెప్పింది. నా మిషను అప్పటికే మూగపోయి ఉంది. “వినపడలేదే, మళ్లీ చెప్పు” అనడానికి నాకు నోరు రాలేదు. ఆడపిల్లల బడిలో వెనక బెంచీ గుసగుసలను పట్టుకుని నిలబెట్టిన పంతులమ్మను కదా! అందుకని నవ్వుతూ తలూపాను. కొన్నాళ్లకు ఒక పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా. “ఎవరి పెండ్లికే ఇంత తయారైనవ్?” అన్నాను. నా ముఖంలోకి కాసేపు చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అప్పటి నుంచి పాలు గుమ్మం దగ్గరే పోసి పోతోంది. మాట లేదు.

ఎక్కడికో తోడు వస్తానని ఒప్పుకున్నానని అర్థమైంది. ఎక్కడికో తెలియదు. అడగాలంటే ముందు ఆ రోజు వినపడలేదని చెప్పుకోవాలి. సిగ్గు చంపుకుని చెప్పుకున్నా, ఆమె ఆ సంగతిని నాకు వినపడేంత గట్టిగా అరిచి చెప్పదు. వీధి వినేట్టు చెప్పదలచుకుంటే అంత దగ్గరగా వచ్చేదే కాదు. ఇక మిషను బాగైతే తప్ప దారి లేదు.

హారన్లు వినపడని మనిషి బజారుకు ఒంటరిగా పోకూడదు. వాళ్ల కోడలు ఎదురుగా ఉండగానే “జర తోడు రావే సత్తెమ్మా” అని అడిగాను. రాదనుకున్నాను. చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుంటూ వచ్చి రిక్షా ఎక్కింది. నేను అడిగిన వెంటనే తను వచ్చింది. అక్కడే నాకు సగం ప్రాణం పోయింది.

రిక్షా యాదయ్యది. రానూపోనూ కలిపి ముందే మాట్లాడుకోవడం మేలు. మధ్యలో బేరమాడితే మిట్ట మధ్యాహ్నం ఎండలో దించేస్తారు. ఎనిమిది దాటకముందే బయలుదేరండి. ఆ తరవాత చార్మినారు చుట్టూ తోపుడు బండ్లు చేరాయంటే రిక్షా కదలదు. చార్మినారు నుంచి మదీనా మీదుగా నయాపూల్ దాటాం. దారి పొడవునా సత్తెమ్మ తల తిప్పలేదు. వంతెన అవతల పెద్దాసుపత్రి గేటు దగ్గర మాత్రం తల తిప్పి చూసింది. ఏదో అంది కూడా. నేను తలూపాను. అలవాటు! ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని మళ్లీ ముందుకు తిరిగి కూర్చుంది.

బేగంబజారులో సెల్లులు చవక. అయితే చవకని డజను కొనకండి. మన ఎండలకు డబ్బాలో పడున్న సెల్లు కూడా చచ్చిపోతుంది. రెండు చాలు. కొనేముందు దుకాణంవాణ్ని దానితో టార్చిబల్బు వెలిగించి చూపించమనండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. నేను కొత్త సెల్లు వేసి మీట తిప్పాను. ఏమీ లేదు. హమాలీల అరుపులన్నీ నాకు మూకీ బొమ్మలాగే కనిపించాయి.

రిక్షా వెనక్కి తిప్పించి లాడ్ బజారు చేరాం. గాజుల దుకాణాల వెనక సందులో ఖాదర్ భాయ్ అని రేడియోలు, టార్చిలైట్లు, చెవి మిషన్లు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయనకు మాట్లాడటం మహా ఇష్టం. చెవిటివాళ్లు గిరాకీలైతే ఇంకా ఇష్టమేమో, ఎదురు చెప్పేవాళ్లుండరు. నాకోసం ఒక్కో మాటా అరిచి చెప్పాడు.

“సెల్ ఖతం, అమ్మా!”

“ఇప్పుడే కొన్నాను నాయనా.”

“అయితే వైర్ ఖతం!”

వైరు మార్చాడు. చెవిలో పెట్టుకునే ముక్కకు పట్టిన గుబిలి సూదితో తీశాడు. అప్పటికీ పలుకు లేదు. అప్పుడు సెల్లు పెట్టే అర మూత తీసి లోపలికి చూసి, నా ముఖం చూసి, మళ్లీ లోపలికి చూశాడు.

“అమ్మా, యే మిషన్ హై యా పాన్‌దాన్?”

ఇది మిషనా, ఆకువక్కల పెట్టెనా అని ఆయన ప్రశ్న. సంగతి చెప్పుకోక తప్పదు. అందరూ ఈ మిషను పెట్టెను రవికకు తగిలించుకుంటారు. ఒక పేరంటంలో ఎవరో పిల్ల “అమ్మమ్మా, రేడియోల పాట పెట్టవా?” అని అడిగింది. ఆ రోజు నుంచి నేను దాన్ని నడుముకు దోపుకునే ఆకువక్క సంచిలో దాచి, వైరును చీర మడతల్లోంచి చెవికి తెచ్చుకుంటున్నాను. సంచిలో వక్కలున్నాయి, సున్నం డబ్బా ఉంది. సున్నం కారి లోపలి రేకులకు గోడకు వేసినట్టు పట్టింది. మడతల్లో నలిగి వైరు లోపలే తెగింది. ఇక మిషను బాగున్న రోజుల్లో కూడా అది విన్నది వక్కల చప్పుడే.

సత్తెమ్మ ఏదో అంది. ఖాదర్ భాయ్ పగలబడి నవ్వాడు. యాదయ్య నా చెవి దగ్గరకు వంగి అరిచాడు: “సున్నం తిని తిని మిషన్‌కు నోరు పొక్కిందంటుంది, పంతులమ్మా!”

ఇన్నాళ్ల తరవాత ఆమె నన్ను ఆటపట్టించిన మొదటి మాట అది. నేనూ నవ్వాను.

ఖాదర్ భాయ్ రేకులు గీకి, స్పిరిటుతో తుడిచి, మూత బిగించాడు. మీట తిప్పగానే ఈల వేసింది. ఈల వేస్తే మిషను పాడైందని భయపడకండి. చెవిలో ముక్క వదులుగా ఉన్నా, పెట్టె చెవికి మరీ దగ్గరగా ఉన్నా ఈల వేస్తుంది. నొక్కి పెట్టుకుంటే ఆగుతుంది. గరగరమంటే గుడ్డ రాసుకుంటోందని అర్థం. మాట వచ్చి పోతుంటే వైరు చూడండి.

“బయట నిలబడి చూస్కోండి. దూరంకెళ్లి చిన్నగ మాట్లాడమను ఆమెను,” అన్నాడు ఖాదర్ భాయ్.

సందులోకి వచ్చాం. ఈసారి పెట్టెను రవికకు, చీర పైకి కనపడేట్టు తగిలించుకున్నాను. సత్తెమ్మ కొంత దూరం నడిచి, నాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. ముందుగా నాకు వినపడింది ఎవరో గాజులు లెక్కపెడుతున్న చప్పుడు. దాని వెనకే ఆమె గొంతు.

“ఏం మాట్లాడాలె నేను. బోరింగ్ కాడ చెప్పిన గద. రొమ్ముల గడ్డయింది, మొగోళ్లతోని చెప్పరాదు, కోడలికి చెప్తె లొల్లయితది, జర దవాఖానకు తోడు రా అమ్మా అన్న. నవ్వుకుంట తలూపింది. తయారై పోతె ఎవరి పెండ్లి అన్నది. ఇందాక గేటు కాడ గూడ అడిగిన. మల్ల తలూపింది. పెద్దోళ్లు. మాకెందుకొస్తరు.”

తరవాత ఇటు తిరిగి, గట్టిగా అడిగింది: “ఇనొచ్చిందా, పంతులమ్మా?”

నా తల ఊగబోయింది, పాత అలవాటు ప్రకారం, నవ్వుతో సహా. రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని ఆపుకున్నాను.

“ఇనొచ్చిందే. అంతా ఇనొచ్చింది. బోరింగు కాడ మాత్రం ఒక్క ముక్క ఇనలేదు. ఇనలేదని చెప్పడానికి నాకు సిగ్గైంది.”

“అయ్యో,” అంది సత్తెమ్మ. “గదేంది పంతులమ్మా! చెవుడుకు సిగ్గేంది? నేను ఇంకేందో అనుకున్న,” అంది. ఆ ‘ఇంకేందో’ ఏమిటో చెప్పలేదు. చెప్పనక్కరలేదు. నా కులమూ, చదువూ, ఆమె పాల చెంబూ అన్నీ అందులో ఉన్నాయి.

“నడు, ఇప్పుడే పోదాం,” అన్నాను. యాదయ్య రిక్షాను మళ్లీ నయాపూల్ వైపు తిప్పాడు. ఆసుపత్రికి చేరేసరికి చీటీలిచ్చే కిటికీ మూసేశారు. మర్నాడు పొద్దున ఆమె నా గుమ్మంలోకి రాకముందే నేను వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మర్యాదస్థురాలు. తెర వెనక చూసి వచ్చి, చేతులు కడుక్కుని, నా వైపు వంగి, గొంతు తగ్గించి చెప్పింది: “ఒక నెల ముందు తీసుకొచ్చి ఉండాల్సిందమ్మా. ఆపరేషన్ చెయ్యాలి.”

అంత మెల్లగా చెప్పినా ప్రతి అక్షరం వినపడింది. మిషను బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

“ఏమన్నదమ్మా?” అంది సత్తెమ్మ, రవిక సవరించుకుంటూ. దాచలేదు. ఆ నెల మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. “బర్రెలకు ఎవరు పిండుతరో,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

వచ్చే వారం ఆపరేషన్. ఏమవుతుందో నాకు తెలియదు, కనుక ఇక్కడ రాయలేను. నేను తెలుసుకున్నది ఒకటే: మనుషులు మామూలు మాటలు గట్టిగా చెప్తారు, ప్రాణం మీదికి వచ్చిన మాటలు మెల్లగా చెప్తారు. నేను ఇన్నాళ్లూ గట్టి మాటలన్నిటికీ జవాబు చెప్పి, చురుకైనదాన్నని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు నిలుపుకోవడానికి ఒక మనిషి నెల రోజులు ఖర్చు పెట్టాను. నావి కాదు, ఆమెవి. అవి తిరిగి ఇచ్చే బజారు నాకు కనపడలేదు.

వెళ్లాలనుకునేవారికి ఒక సూచన. ఆసుపత్రిలో చీటీల కిటికీ పొద్దున్నే తెరుస్తారు, మధ్యాహ్నానికి మూసేస్తారు. ఆడవాళ్ల వరుస వేరేగా ఉంటుంది కానీ చాలా పొడుగు, కూర్చునే చోటు ఉండదు. ఇద్దరు వెళ్తే ఒకరు నిలబడి ఒకరు గోడకు ఆనుకుని కూర్చోవచ్చు. అందుకని ఎవరినీ ఒంటరిగా పంపకండి.