అన్నిటికీ అవునండి

గవర్నర్‌పేటలో మా పుస్తకం అచ్చువేస్తున్న ప్రెస్సులో మిషను పాడైంది. బాగవడానికి రెండు వారాలు పడుతుందన్నారు. ఫోన్లోనే ఆ యజమానిని కడిగిపారేశాను. లెక్చరరుగా రిటైరయ్యానే గానీ నా నోరింకా రిటైరవలేదు. ఇవాళ తలుచుకుంటే ఆ పాడైన మిషనుకు కొబ్బరికాయ కొట్టాలనిపిస్తుంది.

మా కృష్ణా డెల్టాలో ఉన్న రకరకాల జనాల చరిత్ర ఆ పుస్తకం. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏ పని పట్టుకున్నారు, ఏ దేవుణ్ణి ఎందుకు నమ్ముకున్నారు, అన్నీ వాళ్ళ నోటితోనే చెప్పించి రాయాలని నా పంతం. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళతో మొదలుపెట్టి, ఊరూరా తిరిగి ఫోన్లో రికార్డు చేశాను. చివరి అధ్యాయం కంకిపాడు దగ్గర మా పుట్టింటి ఊళ్ళోని క్రైస్తవుల పేట. అక్కడ ఎనభై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. వాళ్ళది తాతల నాటి నుంచి మా తాతగారి పొలంలో నాట్లు వేసిన కుటుంబం. పాత సంగతులు తెలిసిన మనిషి ఆ పేటలో ఆవిడొక్కరే మిగిలారు.

ఊరికే కూర్చోలేక, ఒక శనివారం పొద్దున చిక్కుళ్ళు ఒలుస్తూ ఆవిడ రికార్డింగు మళ్ళీ పెట్టాను.

"కరువు రోజుల్లో గంజి పోస్తున్నారని మీవాళ్ళు ఆ మతంలో కలిశారటగా?" ఇది నా గొంతు.

"అవునండి."

"మా తాతగారే దయతలిచి మీకు ఆదివారం సెలవిచ్చారట కదా?"

"అవునండి."

అరగంటసేపు ఇదే వరస. కథంతా నాది, అవునండి ఆవిడది. పక్కనే పేపరు చదువుకుంటున్న మా ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు.

"చరిత్రంతా నువ్వే చెప్పి, కింద ఆవిడ చేత వేలిముద్ర వేయించుకున్నావన్నమాట. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!"

ఒళ్ళు మండింది. కానీ ఆ మనిషిని ఏమనను? నిజమే కదా. గంజి కోసం మతం మారారని నేను రాసిన మాట ఒకసారి అచ్చులో పడితే ఆవిడ మునిమనవలు కూడా అదే చదువుతారు. అది తప్పని చెప్పడానికి ఆవిడ తరవాత ఎవరూ ఉండరు. వెంటనే ఫోన్ చేశాను. కలవలేదు. మధ్యాహ్నం చేశాను, సాయంత్రం చేశాను, ఉహూఁ. అసలే పెద్ద ప్రాణం. నాకు అన్నం సయించలేదు.

మర్నాడు బస్సులు ఖాళీగా ఉంటాయని పొద్దున్నే కంకిపాడు బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటో. తీరా వెళ్తే ఇంటికి తాళం. అటూ ఇటూ ఇళ్ళ తలుపులూ మూసే ఉన్నాయి. అడుగుదామంటే మనిషి లేడు. అంతా అయిపోయింది, నేనొచ్చేలోపే ఆవిడ వెళ్ళిపోయారు అనుకుంటూ అరుగు మీద కూలబడ్డాను. అలా ఎంతసేపు కూర్చున్నానో, సందు చివర తెల్లచీర కనిపించింది. చంకలో బైబిలు పెట్టుకుని పెద్దావిడ నింపాదిగా నడిచొస్తున్నారు.

"అయ్యో అమ్మాయిగారూ! ఆదివారం పూట వచ్చారేంటండీ? అందరం చర్చికెళ్ళాం గదా! ఫోను చెడిపోతే బాగుచేయడానికిచ్చామండి."

అమ్మయ్య! ఆ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, ఆ పేట చరిత్ర రాసేశానని సంబరపడ్డదాన్ని. ఆదివారం వాళ్ళు చర్చిలో ఉంటారని తట్టలేదు. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను కూడా.

ఈసారి ఆవిడ చెప్పడం అయ్యేదాకా ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. నోరు కట్టేసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా ఆయన్నడగాలి. ఆవిడ టీ పెట్టి తెచ్చి, పక్కన కూర్చుని, తనంతట తానే మొదలుపెట్టారు.

"ఈ ఆదివారం కోసమేనండి మా తాత చర్చిలో కలిసింది. అంతకుముందు మాకు సెలవన్న మాటే లేదు గదా. దేవుడు కూడా వారానికో రోజు పని మానేశాడని పాస్టరుగారు చెప్పారంట. ఇదేదో బాగుందే అన్నాడంట మా తాత. ఇంక ఆదివారం వరిమళ్ళో దిగం అన్నారు పేటంతా. మీ తాతగారికి కోపమొచ్చి, అయితే సోమవారమూ రావద్దన్నారు. సరేనని మానేశారు. అసలే కాలవకి నీళ్ళొదిలారు, నారు ముదిరిపోతంది. పక్కూరి కూలోళ్ళని తెద్దామంటే అక్కడా ఇదే గోల! పది రోజులకి మాటొచ్చిందండి, ఆదివారం వద్దులే, మిగతా రోజులు రండర్రా అని. మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో."

మా పుట్టింట్లో ఆదివారం నాట్లు వేయించరు. అది తాతగారి దయ అని మా అమ్మ చెబితే నమ్మాను. పుస్తకంలోనూ అదే రాశాను.

"మరి గంజి కోసమా అంటే అవునన్నారేంటి పెద్దమ్మగారూ?"

"అడిగింది మీరు గదండీ. ఆ ఇంటి ఆడపడుచు ఎండన పడొచ్చి అడిగితే, నేను ఇంకోలా చెబితే చిన్నబుచ్చుకోరూ?"

మా గుమ్మం ముందు నిలబడి వాళ్ళు తరతరాలుగా నేర్చుకున్న మర్యాద అది. నాకు చాలా బాధేసింది.

అధ్యాయమంతా కొట్టేసి మళ్ళీ రాసి, శుక్రవారం పట్టుకెళ్ళాను. ఆదివారం మాత్రం కాదు, బుద్ధొచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, బైబిలు చదివినట్టే అక్షరాల కింద వేలు పెట్టి నిదానంగా చదివారు. ఒకచోట వేలు ఆగింది. "చివరికి మా తాతగారు పేటకు కబురు పంపారు" అని రాశాను అక్కడ. ఆవిడ కాగితం వంక చూశారు, నా మొహం వంక చూశారు.

"కాదండి."

నేను పెన్ను తీశాను.

"కబురు పంపలేదండి, ఆయనే వచ్చారు. వానలో గొడుగేసుకునొచ్చి, ఈ అరుగు మీదే కూర్చుని అడిగారంట."

నా ప్రాణం లేచొచ్చింది. పెన్ను ఆవిడ చేతికిచ్చాను. ఆ వాక్యం ఆవిడే కొట్టేశారు.