భిక్షపతి ఫొటో

పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చిన మల్లేశం దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటో స్టూడియో పెట్టి ఎనిమిదేళ్లయింది. చుట్టూ కాలనీలు లేస్తున్న రోజులు. గృహప్రవేశాలకూ పెళ్లిళ్లకూ అతన్నే పిలిచేవారు. ఎదుటి మనిషి ముఖంలో బిగువు సడలేదాకా కెమెరా కంటికి ఆనించుకుని ఓపిగ్గా ఆగుతాడని పేరు.

పందొమ్మిది వందల ఎనభై ఆరు వచ్చేసరికి పెళ్లివారు గడప తొక్కుతూనే వీడియో ఉందా అని అడగసాగారు. లేదంటే మెట్లు దిగిపోయేవారు. దాంతో మల్లేశం వీడియో కెమెరా తెచ్చాడు. భుజం మీద అది, మెడలో పాత ఫొటో కెమెరా. రెండూ తానే తీస్తానన్నాడు. ఒక్క మనిషికి రెండు పనులు ఎట్ల కుదురుతాయని భార్య కొమురమ్మ అంటే వినలేదు.

ఆ వేసవిలో ఎల్బీనగర్ దగ్గర భిక్షపతి పెద్ద కూతురి పెళ్లి. పొలమంతా ప్లాట్లకింద అమ్మేసిన రైతు అతను. కన్యాదానం, ఒప్పగింతలు అన్నావదినల చేతులకు వదిలి, తాను పెళ్లి పనుల మీదే తిరుగుతున్నాడు. ఒప్పగింతలకు ముందు మల్లేశం దగ్గరికి వచ్చి, భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు.

"తమ్మీ, నాది ఒక్క ఫొటో తియ్యరాదు. గింత వయసొచ్చింది, ఒక్కటన్న లేదు."

"జర ఆగు పటేలా. గీ ఒప్పగింతలు కానీ, నిమ్మళంగ తీస్త."

వీడియో మధ్యలో ఆపితే పెళ్లికొడుకు తరఫువాళ్లు ఒప్పుకోరు. ఒప్పగింతలయ్యాక బారాత్ కదిలింది. మల్లేశం కెమెరా ఎత్తుకుని దాని వెంట వెళ్లిపోయాడు. భిక్షపతి మళ్లీ అడగలేదు.

మూడు నెలలకు, హైవే దాటుతుంటే లారీ గుద్ది భిక్షపతి చనిపోయాడు. పటం కట్టించడానికి ఫొటో కావాలని అతని భార్య కిష్టమ్మ స్టూడియోకు వచ్చింది. మల్లేశం నెగటివ్‌లన్నీ వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక్కదాంట్లోనూ అతను లేడు. వీడియో క్యాసెట్టు మొత్తం తిప్పితే, లైటు పడని మూల బిందె మోసుకుపోతూ ఒక్కసారి ఇటు తిరిగాడు. అక్కడ ఆపితే టీవీ మీద బొమ్మ గీతలు గీతలై వణికింది. ఆ తెరనే ఫొటో తీసి, కడిగి, పెద్దది చేశాడు. పెద్దది చేసినకొద్దీ ముఖం చెదిరిపోయింది. చివరికి ఉన్నంతలో మంచిది ఒకటి తీసుకెళ్లి కిష్టమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె కాగితాన్ని వెలుతురుకు తిప్పి చూసింది.

"ఆయన కండ్లేవి తమ్మీ?"

పెళ్లినాడు భిక్షపతి తనను ఫొటో అడిగిన సంగతి మల్లేశం చెప్పేశాడు. ఆగమన్నది తానేనని కూడా చెప్పాడు. ఆమె తిట్టలేదు. ఆ కాగితాన్ని అతనికే తిరిగిచ్చి లోపలికి వెళ్లింది. పదకొండో రోజు కార్యం పటం లేకుండానే జరిగింది.

మల్లేశం వీడియో మానలేదు. మానితే దుకాణం నడవదు. కాని ఫొటోలకు వేరే మనిషిని తోడు తీసుకుపోకుండా మళ్లీ ఏ పెళ్లీ ఒప్పుకోలేదు. రెండేళ్లకు కిష్టమ్మ చిన్న కూతురి పెళ్లయింది. మల్లేశానికీ పిలుపు వచ్చింది, భోజనానికి. ఫొటోలకు వేరే స్టూడియో వాళ్లు వచ్చారు. అతను వెళ్లి, చివరి బంతిలో కూర్చుని తిని వచ్చాడు.