అన్నయ్య బిగించిన బ్రేకులు

మా చిన్నప్పుడు ఓ ఆదివారం పొద్దున అమ్మ తలంటుకుని, మంచి చీర కట్టుకుని, ముత్తియాల్‌పేటలో కార్లు బాగుచేసే షెడ్డుకి బయలుదేరింది... వెనకాలే నేను. వీధిలో వాళ్ళు ఏ పెళ్ళికో అనుకున్నారు!

సంగతేమిటంటే, మా బాలు అన్నయ్య రెండేళ్ళుగా ఆ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. అక్కడ పరీక్షలూ సర్టిఫికెట్లూ ఏమీ లేవు. కన్నయ్య మేస్త్రిది ఒకటే నియమం... బ్రేకుల పని మొదటిసారి ఒంటరిగా చేసినవాడు, తన ఇంటివాళ్ళను ఎక్కించుకుని ఆ బండిని తనే నడిపి చూపించాలి. అప్పుడే మెకానిక్కు. లేదంటే మళ్ళీ కిరసనాయిలుతో సామాన్లు కడగడమే.

నాన్న "నాకు ఆఫీసుంది" అన్నారు, ఆదివారం పూట! పక్కింటి అత్తకి పొయ్యి మీద అన్నం గుర్తొచ్చింది. అసలు ఈ పని అమ్మకే ఇష్టం లేదు. కొడుకు తెల్లచొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళాలని ఆమె కోరిక. షెడ్డులో అడుగు పెట్టడం అదే మొదలు.

ఆ రోజు అన్నయ్య బ్రేకులు బిగించింది ఓ పాత అంబాసిడర్ టాక్సీకి. అమ్మ వెనక సీట్లో కూర్చుని నన్ను దగ్గరికి లాక్కుంది. నాకైతే భయమే వేసింది.

"బయంగా లేదా అక్కా?" అడిగాడు మేస్త్రి.

"నా కొడుకు బిగించినాడు గదా... ఏందికి బయం?" అంది అమ్మ.

అన్నయ్య తాళంచెవి తిప్పబోయి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూశాడు.

"అమ్మా, రొంతసేపు దిగుమా. ఇంగోసారి చూస్తా."

షెడ్డులో కుర్రాళ్ళు నవ్వారు. అన్నయ్య పట్టించుకోలేదు. జాకీ పెట్టి నాలుగు చక్రాలూ మళ్ళీ విప్పాడు... ఎండ నడినెత్తికి వచ్చేదాకా విప్పడం, చూడడం, బిగించడమే. ఒక్క తప్పూ దొరకలేదు. నవ్వులపాలయ్యాడు, ఇక మేస్త్రి ఒప్పుకోడని నాకు ఏడుపొచ్చింది.

అమ్మా నేనూ మళ్ళీ ఎక్కాక, మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. "యాడికి పోదాం రా?" అన్నాడు. ఎవరి మొదటి ట్రయల్‌కీ ఆయన బండెక్కింది లేదట... ఆ మాట తర్వాత కుర్రాళ్ళే చెప్పారు.

కడలూరు రోడ్డు మీద బండి వేగం అందుకోగానే మేస్త్రి ఉన్నట్టుండి "పట్టు!" అని అరిచాడు. బండి టక్కున ఆగింది. అమ్మ నుదురు ముందు సీటుకి కొట్టుకుంది.

"బాగానే పట్టిందిరా" అంది నుదురు రుద్దుకుంటూ, నవ్వుతూ... ఆ సాయంత్రం బొప్పి కట్టిన నుదుటితోనే వీధంతా తిరిగి, మా వాడు మెకానిక్కు అయ్యాడని చెప్పుకుంది. తెల్లచొక్కా ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు కారు సర్వీసుకిస్తే, బండి సిద్ధమని ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఎవరు విప్పారో, ఎవరు బిగించారో మనకి తెలియదు... ఆ బండిలో ఎవరు ఎక్కుతారో వాళ్ళకీ తెలియదు. పని బాగానే చేస్తారు, కాదనను. అయినా నాకు ఏదో వెలితి.

మీ ఇంట్లోనూ ఇలా షెడ్డులో పని నేర్చుకున్నవాళ్ళు ఉన్నారా? వాళ్ళను నమ్మి మొదట బండెక్కింది ఎవరు?