డీజిల్ వాసన లేకుండా దుమ్ముగూడెం దాకా

మా అమ్మకు బస్సంటే భయం కాదు, పగ. డీజిల్ వాసన ముక్కుకు తగిలితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికి రావాల్సిందే. ఆరేళ్ల కిందట, దుమ్ముగూడెం అవతల పల్లెలో ఉండే మా పెదనాన్న పోయినప్పుడు, అమ్మ నిమ్మకాయ చేతపట్టుకుని బస్సెక్కింది. జూలూరుపాడు దాకా ఎలాగో ఓర్చుకుంది. అక్కడ దిగిపోయి, రోడ్డు పక్కన కూలబడి, చివరికి ఇంటికే తిరిగి వచ్చింది. భర్త పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. అమ్మకు సొంత అక్క అయిన మా పెద్దమ్మకు పుట్టింటి వైపు మిగిలింది అమ్మ ఒక్కతే. ఆ చీర అప్పటినుంచీ మా బీరువాలోనే ఉంది. అక్కాచెల్లెళ్లు ఫోన్లో వానల గురించి, మిర్చి గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు, చీర మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

మేముండేది ఖమ్మం అంచున, ఖానాపురం హవేలిలో. రెండేళ్ల కిందట మా వీధిలోకి మొదటి ఎలక్ట్రిక్ కారు వచ్చినప్పుడు దాన్ని చూడ్డానికి పనిగట్టుకుని వెళ్లాం. ఇప్పుడు మాదానితో కలిపి ఐదు. కొన్నవాళ్లేమీ కోటీశ్వరులు కారు, నాలాంటి గుమాస్తాలు, టీచర్లు. స్కూటీల పక్కనే కార్లకూ వైర్లు వేలాడుతుంటాయి. మా ఆయన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ చూద్దామన్నాడు. చార్జింగ్ అయిపోయినా పెట్రోలుతో నడుస్తుంది, ధైర్యంగా ఉంటుందని ఆయన వాదన. రెండు పడవల మీద కాళ్లు పెట్టే ఆ బండి మా జీతాలకు అందలేదు. అందినా, పెట్రోలు వాసన ఉన్న బండి అమ్మకు పనికిరాదు. అందుకే చవకలో దొరికే చిన్న ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. మార్చిలో ఒక శనివారం రాత్రి అమ్మే అడిగింది, "బిడ్డా, అక్క కాడికి తోల్కపోతవా?" అని. చీర సంచి అప్పటికే ఆమె ఒళ్లో ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి నిండు చార్జింగ్‌తో బయల్దేరాం. వైరా మీదుగా తల్లాడకు ఏడు కాకముందే చేరాం. అక్కడ నేను టీ తాగాను, అమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తల్లాడలో ఎడమకు తిరిగి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారి పట్టాం. మిర్చి కల్లాలు, మామిడి తోటలు, నున్నటి రోడ్డు. కారు చప్పుడు లేకుండా పోతుంటే నాకు గర్వంగా ఉంది. ఏన్కూరు దాటాక స్పీడ్ బ్రేకర్లు మొదలయ్యాయి. అమ్మ ముఖం పాలిపోయింది.

"ఏందే గిది? ఎవరో ఎనకనుంచి కొంగు పట్టి గుంజినట్టయితాంది!"

తప్పు కారుది కాదు, నా పిసినారితనానిది. ఈ కార్లలో యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బండి తనంతట తానే నెమ్మదిస్తూ కొంత చార్జింగ్ వెనక్కి దాచుకుంటుంది. అది ఎంత గట్టిగా పట్టాలో మనమే పెట్టుకోవచ్చు. నాలుగు కిలోమీటర్లు కలిసొస్తాయని నేను అన్నిటికంటే పైమెట్టు మీద పెట్టాను. కాలు తీసినప్పుడల్లా కారు ఆగీ ఆగీ ఊగుతోంది. కారు పక్కకు తీసి చూస్తే అది జూలూరుపాడు. వెనక్కి తిప్పనా అని అడిగాను.

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "గప్పుడు ఈడనే దిగిన. ఇయ్యాల దిగ. నువ్వు జర మెత్తగ తోలు."

ఆ పట్టును అన్నిటికంటే కిందికి దించాను. ఏసీ ఆపి అద్దాలు దించాను. బండి నీళ్ల మీద పడవలా సాగింది. పది నిమిషాలకు అమ్మ రంగు తిరిగింది. పాల్వంచలో హోటల్ ముందు చార్జర్ కనిపిస్తే, అరగంట ఆగుదామన్నాను.

"ఆగకు. ఆగినవంటే నేను మళ్ల ఎక్క."

ఇక ఆగలేదు. తొమ్మిదింబావుకు భద్రాచలం వంతెన ఎక్కాం. గోదావరి ఎండకు సన్నబడి ఇసుక మధ్య పాయలుగా పారుతోంది. దుమ్ముగూడెం రోడ్డెక్కాక రెండు పక్కలా అడవి. తెరిచిన అద్దాల్లోంచి ఇప్పపూల వాసన గుప్పున కొట్టింది. ప్రయాణంలో అమ్మ గుండెల నిండా గాలి పీల్చుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. నిజంగా నాకు ఏడుపొచ్చింది. ఈ కారు కొని ఏం సాధించావని ఎవరైనా అడిగితే, ఆ ఒక్క శ్వాస చాలు.

పదిన్నరకు పెద్దమ్మ వాకిట్లో ఆగేసరికి పదమూడు శాతం మిగిలింది. పెద్దమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. "చెల్లే! ఎట్లొస్తివే?" అని ఒక్క మాట, తర్వాత ఇద్దరూ మెడలు పట్టుకుని ఏడుపు. ఇంత జరిగినా అమ్మ సంచి తెరవలేదు. చంకలోనే ఇరికించుకుని కూర్చుంది. ఇన్నేళ్లు ఆలస్యమైన చీరను ఏ ముఖంతో తీయాలో తెలియక తల వంచుకుంది.

నేను ఫ్రిజ్ ప్లగ్గు తీసి చార్జింగ్ కేబుల్ పెట్టాను. దాని డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. తీసి పెట్టినా, కొట్టి చూసినా అదే ఎరుపు. మిగిలిన పదమూడు శాతంతో భద్రాచలం చేరతామన్న నమ్మకం లేదు. పక్కింటి సోమయ్య అన్న వచ్చాడు. కోయ రైతు, ఊళ్లో మోటార్లు చెడితే చూసేది ఆయనే. ఎర్ర లైటు చూసి నవ్వాడు.

"బండి మంచిదే మేడం. ఎర్త్ లేదని మొరాయిస్తాంది. ఎండకు గుంత ఎండిపోయింది గద. మోటార్లకు మేం గిట్లనే చేస్తం, సూడు."

గోడ పక్కన ఎర్త్ పైపు పాతిన గుంతలో గుప్పెడు ఉప్పు చల్లి, రెండు బిందెల నీళ్లు పోశాడు. పావుగంట ఆగి ప్లగ్గు పెడితే పచ్చ లైటు! అంత తెలివైన బండికి రెండు బిందెల నీళ్లతో బుద్ధి చెప్పిన సోమయ్య అన్నకు దండం పెట్టాను. గంటకు సుమారు పన్నెండు శాతం ఎక్కింది. కరెంటు డబ్బులు ఇవ్వబోతే పెద్దమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాటుకోడి కూరతో భోజనాలయ్యాక, అమ్మ పెద్దమ్మను కారు చూపిస్తానని తీసుకెళ్లింది. తలుపులు బార్లా తెరిచి, చార్జింగ్ అవుతున్న కారు వెనక సీట్లో ఇద్దరూ కూర్చున్నారు. పెద్దమ్మ సీటు వాసన చూసింది, ముందుకు వంగి ఇంకోసారి చూసింది.

"ఏం వాసన లేదే! నాకూ నీ లెక్కనే చెల్లే, బస్సెక్కితే పానం పోతది. మన అమ్మకు సుత గంతే ఉండె. అందుకే నేనూ రాకపోతి."

అమ్మ సంచి తెరిచి, చీర తీసి పెద్దమ్మ ఒళ్లో పెట్టింది. "ఆలస్యమైంది అక్కా" అని మాత్రం అంది. పెద్దమ్మ చీరను కళ్లకద్దుకుంది.

నాలుగున్నరకు ఎనభై శాతం దాటింది. నేను కేబుల్ చుడుతుంటే పెద్దమ్మ ఇంటికి తాళం వేసి, తాళంచెవి సోమయ్య అన్న చేతిలో పెట్టింది.

"ఏడికి పెద్దమ్మా?"

"చీర పెట్టినంక పుట్టింట్ల ఒక నిద్ర చెయ్యాలె గద. నాకు పుట్టిల్లంటే మీ అమ్మనే. పోదాం పా."

పాల్వంచ చార్జర్ దగ్గర అరగంట ఆగి తొమ్మిదిన్నరకల్లా ఖమ్మం చేరాం. ఆ చార్జర్ దగ్గర యూనిట్ ధర ఇంటికంటే రెండింతలపైనే. అయినా డీజిల్ కారు కిరాయితో పోలిస్తే మొత్తం ఖర్చు నాలుగో వంతు కూడా కాలేదు. ఆగితే మళ్లీ ఎక్కనన్న అమ్మ, అక్క చేయి పట్టుకుని మారు మాట్లాడకుండా ఎక్కింది.

చవక ఎలక్ట్రిక్ కారు అడవి దారికి పనికొస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. మాకు పనికొచ్చింది. ఎంత దూరం పోతుందనే అందరూ చూస్తారు, నేనూ అదే లెక్కతో కొన్నాను. ఇల్లు దాటలేక ఆగిపోయిన మనుషులు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో అప్పుడు ఆలోచించలేదు. ఒక్క సలహా ఇస్తాను: వెనక సీట్లో కడుపు తిప్పేవాళ్లుంటే, కాలు తీయగానే బండిని వెనక్కి పట్టే ఆ అమరికను బయల్దేరకముందే కిందిమెట్టుకు దించండి. నాలుగు కిలోమీటర్లు పోతే పోనివ్వండి. ఒక్క నిద్రకని వచ్చిన మా పెద్దమ్మకు నేటితో పదకొండు నిద్రలు. ఎప్పుడు దింపి రమ్మంటావని ఆమెను నేను అడగలేదు, అమ్మ అడగనివ్వలేదు.