ఎర్రగుడ్డ సంచిలో మెతుకులు

మా అత్తగారు పోయేముందు మా ఇంట్లో జరిగిన యుద్ధమంతా గంజి గురించే. ఆవిడ వద్దంటుంది, కొడుకు తాగమంటాడు. మధ్యలో గిన్నె పట్టుకుని నేను.

మాది బరంపురంలో చింతపండు, కొండ పసుపు హోల్‌సేల్ వ్యాపారం. మావగారు పోయాక కొన్నేళ్లు కొట్టు నడిపింది ఆవిడే. లారీ వచ్చిందంటే చెంగు నడుముకి బిగించి రోడ్డు మీదికొచ్చి, కళాసీలతో ఒడియాలో గొంతు చించుకుని సరుకు దింపించేది. నాకు పిల్లలు పుట్టలేదని చుట్టాలంతా దెప్పారు. ఆవిడా తక్కువ తినలేదు. కాబట్టి ఆవిడ మీద నాకేదో ప్రేమ పొంగిపొర్లేదని ఎవరూ అనుకోవద్దు.

కాలేయంలో పుట్టిన కంతి ఒళ్లంతా పాకిందని తేలాక పెద్దాసుపత్రి డాక్టరు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. ముందు ఆకలి పోతుంది, తర్వాత దాహం పోతుంది, నిద్ర పెరుగుతుంది, చివర్న ఊపిరి గతి తప్పుతుంది. తినక చనిపోవడం కాదు, చనిపోతోంది కాబట్టే తినలేకపోతోంది. బలవంతంగా పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మా ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చే దారిలో మందుల షాపు దగ్గర ఆటో ఆపించి, పాలల్లో కలిపే బలం పొడి రెండు డబ్బాలు కొన్నాడు.

మా కోమట్ల ఇళ్లలో గుమ్మం తొక్కినవాడిని తినకుండా పంపితే పరువు తక్కువ. కన్నతల్లి కడుపు మాడి పోయిందని నలుగురూ అంటారని ఈయన భయం. అది పైకి చెప్పే భయం. అసలుది వేరే, అమ్మ లేకుండా ఈయనకి ఒక్కరోజు గడిచింది లేదు. పొద్దున్నే కొట్టుకెళ్లే ముందు మంచం పట్టె మీద కూర్చుని, చెంచా పెదాలకి ఆనించి బతిమాలేవాడు.

"ఒక్క మెతుకమ్మా. నా మాట కోసం ఒక్క మెతుకు తిను."

ఆవిడ కొడుకు ముఖం చూసి నోరు తెరిచేది. పొలమారేది. కళ్లలోంచి నీళ్లు, ముక్కులోంచి గంజి. ఈయన చెయ్యి కడుక్కుని కొట్టుకెళ్లిపోయేవాడు, తుడిచేది నేను. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు అలా తుడుస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టు కట్టెత్తన్నారే అమ్మీ. ఇప్పుడు లారీ తెచ్చి నిలబెడితే సరుకెక్కడ దింపుతారు? ఆడికి సెప్పు."

"మీ కొడుక్కి మీరే సెప్పండి. నా మాట ఇంటాడేటి?" అన్నాను.

"అయితే ఆణ్ని నిర్మాల్యం పెట్టమను."

పూరీ జగన్నాథుడి ప్రసాదం అన్నాన్ని ఎండబెట్టి చిన్న ఎర్రగుడ్డ సంచుల్లో కట్టి అమ్ముతారు. దాన్నే నిర్మాల్యం అంటారు. ఇక్కడ ఒడియావాళ్ల ఇళ్లలోలాగే మా ఇంట్లోనూ దేవుడి అలమరలో ఒక సంచి ఉంటుంది. పోయేవాళ్ల నోట్లో తులసినీళ్లతో రెండు మెతుకులు వేస్తారు. వెయ్యవలసింది కొడుకు. వేశాడంటే ఆశ వదులుకున్నట్టే. అందుకని మనిషికి తెలివి తప్పేదాకా ఎవరి చెయ్యీ లేవదు. మా మావగారికీ అలాగే జరిగింది.

"ఆయన నోట్లో పెట్టిన మెతుకు బుగ్గలోనే ఉండిపోనాది. స్నానం చేయించినప్పుడు నానే ఏలెట్టి తీసేను," అంది ఆవిడ. "నాకు తెలివుండగా మింగాల."

సాయంత్రం ఆయనకి చెప్పాను. దేవుడి అలమరకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇక దీపం పెట్టాలన్నా ఆయన్నే అడగాలి.

"అమ్మని నా సేత్తో సంపెయ్యమంటావేటే?" అన్నాడు.

"రోజూ చెంచాతో మీరు సేత్తన్నదేటండి మరి?" అన్నాను.

ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను.

తర్వాత ఆవిడ మెలకువగా ఉండే వేళ తగ్గుతూ వచ్చింది. పాదాలు చల్లబడ్డాయి, గోళ్లు నేరేడు రంగుకి తిరిగాయి. డాక్టరు చెప్పిన వరస తప్పలేదు. మింగే శక్తి పోయేలోగా ఈయన మనసు మారదేమోనని నాకు గుబులు పట్టుకుంది. ఆవిడకి మిగిలిన కోరిక ఆ ఒక్కటే.

ఒక పొద్దున ఈయన మామూలుగానే గిన్నెతో వచ్చాడు. "ఒక్క మెతుకమ్మా."

ఆవిడ కళ్లు తెరిచింది. "ఆకలేత్తంది నాయినా."

ఈయన ముఖం వెలిగిపోయింది. "ఏటి తింతావమ్మా? ఏటి కావాలంటే అది సెప్పు."

"ఒక్క మెతుకన్నావు కదా. దేవుడి దగ్గరున్నది పెట్టు."

ఈయన గిన్నె నా చేతికిచ్చేశాడు. బయట లారీ వచ్చిందని కళాసీలు పిలుస్తున్నారు. చాలాసేపటికి లేచి మొలతాడు ముడి విప్పబోయాడు. బిగుసుకుపోయి ఊడి రాలేదు. నేను సాయం వెళ్లలేదు, ఆ ముడి ఆయన వేసుకున్నదే.

మెతుకులు నాలిక మీద పెట్టి చెంచాతో తులసినీళ్లు వదిలాడు. ఆవిడ నోట్లో నానబెట్టుకుని, గొంతు కదిలించి మింగింది. పొలమారలేదు. "సాలు," అంది. ఈయన అలవాటుకొద్దీ ఇంకో చెంచా ముంచాడు. ముంచిన చెయ్యి ఆగింది. చెంచా కింద పెట్టేశాడు.

ఆ తర్వాత పోవడానికి రెండు రోజులు పట్టింది. చావు ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. గొంతులో గుర్రుమంటూ కఫం, గదంతా వాసన, ఊపిరి ఆగడం, పోయిందనుకున్నాక మళ్లీ ఎగలాగడం. అన్నీ ముందే తెలిసినా భయం భయమే. కానీ ఆ రెండు రోజులూ ఈయన కొట్టు తెరవలేదు. తడి దూదితో తల్లి పెదాలు తడుపుతూ కూర్చున్నాడు. తినమని అనలేదు. ఆవిడతో అంతసేపు ఊరికే కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి, ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

సంవత్సరీకాలు అయ్యాక ఒక మధ్యాహ్నం భోంచేస్తూ అన్నాడు. "నాకు నువ్వే పెట్టు. నాను అడిగినప్పుడే."

"సరే," అన్నాను. "మరి నాకెవరు పెడతారు?"

మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

మర్నాడు ఆయన కొట్టుకెళ్లాక పక్కింటి ఒడియా ఆవిడని పిలిచాను. వయసులో నాకంటే బాగా చిన్నది. అలమర తీసి ఎర్రగుడ్డ సంచి ఎక్కడుందో చూపించాను. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆ అలమరకి మేమిప్పుడు తాళం వెయ్యడం లేదు.