పుచ్చకాయల తీపి కొలిచిన చెయ్యి

నిక్షేపంలాంటి పుచ్చతోట నా చదువు పుణ్యమా అని ఒక్క పూటలో పరువు పోగొట్టుకున్న వైనం ఇది. తోట తప్పేమీ లేదని ముందే మనవి చేస్తున్నాను.

అప్పుడే వరంగల్‌లో ఒక ప్రయోగశాలలో చేరాను. మేం తయారు చేసిన బయోసెన్సర్ అగ్గిపెట్టెంత ఉండేది. కాయలోంచి సన్న సూదితో చుక్క రసం తీసి, దాని పట్టీకి అంటిస్తే చాలు, చక్కెర ఎంతుందో ఫోన్లో కనిపించేది. దాన్ని మొదటిసారి పొలానికి తీసుకెళ్లే అదృష్టం నాకు దక్కింది. బస్సులో ఆ డబ్బాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ములుగు దారిలో నాన్న దోస్తు యాకూబ్ మామకు పుచ్చతోట ఉంది. కాయలు కొనే సేటు ఆ మధ్యాహ్నమే వస్తానన్నాడు. నచ్చితే పంటంతా ఆయనే తీసుకుంటాడు, నచ్చకపోతే మళ్లీ ఇటు చూడడు. నేను వెళ్లేసరికి మామ కాయల మీద వేలితో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

“ఇంకో వారం కావాలె బిడ్డా. చప్పుడు పచ్చిగ వస్తాంది.”

“చప్పుడుతోటి ఏం తెలుస్తది మామా? జర ఆగు, మిషన్ చెప్తది.”

మామ భార్య రజియా అత్త నన్ను కూర్చోబెట్టి జిలేబీలు పెట్టింది. నాలుగు లాగించి, ఆత్రంలో వేళ్లు చున్నీకి తుడుచుకుని తోటలోకి ఉరికాను. సూదితో తీసిన చుక్కను వేలి మీద పట్టి, పట్టీకి అద్దాను. ఫోన్లో ఆకుపచ్చ గీత నిట్టనిలువుగా లేచింది. రెండో కాయకూ అంతే. చివరికి నిమ్మకాయంత పిందె కూడా తేనెతుట్టెలా తేలింది.

“పిందె గూడ తియ్యగున్నదా?” మామ నమ్మలేకపోయాడు.

“తోట మొత్తం పండింది మామా. ఫికర్ చెయ్యకు, కోయించు.”

“సదువుకున్న పిల్లవి చెప్తానవ్,” అని మామ కూలీలను పిలిచాడు. కాయలు కుప్ప పడుతుండగానే సేటు వచ్చి ఒకటి కోయించాడు. లోపల సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ముక్క నమిలి నెమ్మదిగా అడిగాడు:

“యాకూబ్ భాయ్, ఇది పుచ్చకాయనా, సొరకాయనా?”

నేను గబగబా సూది అందుకున్నాను. మళ్లీ పరీక్షించాను. మళ్లీ అదే తీపి. అప్పుడు అత్త చెంబు ముందు పెట్టింది.

“ఈ బోరు నీళ్లు గూడ జర చూడు బిడ్డా.”

వేలు ముంచి అద్దాను. బోరు నీళ్లు కూడా పాకమేనని తేల్చింది నా సెన్సర్.

అత్త నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. “కాయలు పండలే బిడ్డా. నీ చెయ్యి పండింది.”

సేటు నవ్వు ఆపుకోలేక కుప్ప మీదే కూలబడ్డాడు. ఆ నవ్వే మమ్మల్ని కాపాడింది. “తీగకున్న కాయలు ముట్టుకోకుండ్రి, వారానికి వస్త,” అని లేచాడు. అన్నట్టే వచ్చి, అన్నీ తీసుకుపోయాడు.

కోసిన పచ్చికాయల్ని అత్త పప్పులో వండి, పెద్ద డబ్బా నిండా నాతో ప్రయోగశాలకు పంపింది. మా సారు ఒక ముద్ద తిని, “నువ్వు తెచ్చిన ఫలితాల్లో నమ్మదగ్గది ఇదొక్కటేనమ్మా,” అన్నారు.

కాబట్టి సకల రైతుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనిదే ఇకమీదట ఏ తోటలోనూ అడుగు పెట్టను. కడుక్కున్నాక కూడా, ముందు బోరు నీళ్లనే పరీక్షిస్తాను.